కడిగి పెట్టమ్మా



మీ ఇంట్లో గరాజ్ ఉంటే, అందులో ఎవరూ ముట్టుకోని సంచి ఒకటి ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఉంది. ఖాకీ రంగు గుడ్డ సంచి. అందులో మా నాయన చేపలు పట్టే రీలు. పదకొండేళ్ళు అది పై అరలోనే ఉంది. ఈ సంవత్సరం దాన్ని కిందికి దించాను. అందులో ఒక చిన్న స్క్రూ ఊడదీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల సంగతి మీకు చెబుతాను.

నాది గుడిలో నేర్చుకున్న తెలుగు. చిన్నప్పుడు శనివారం పొద్దున, రేకుల షెడ్డులో, పలక మీద నేర్చుకున్నాను. మధ్యలో కొత్త మాట వస్తే దాని అర్థం అక్కడే చెబుతాను. నా తప్పులు మీరు సర్దుకుని చదవండి.

ముందు నాయన గురించి కొంచెం.

మనవాళ్ళతో మొదటి ఓడ, ట్రూరో, 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అది మద్రాసు నుంచి వచ్చింది. మా ముత్తాత వచ్చింది ఆ ఓడలో కాదు, చాలా ఏళ్ళ తరవాత. ఆయన కొడుకు, అంటే మా తాత, డర్బన్ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేశాడు. కార్పొరేషన్ పనివాళ్ళు మ్యాగజీన్ బ్యారక్స్‌లో ఉండేవాళ్ళు. అక్కడ ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్ళు. నాయన అక్కడే పుట్టాడు. అక్కడి నుంచి సముద్రానికి నడిచి వెళ్ళొచ్చు. గాలం కర్ర భుజాన వేసుకుని, ఎర ఒక డబ్బాలో పెట్టుకుని, బడి లేనప్పుడల్లా వెళ్ళేవాడట. గాలం అంటే చేపకు వేసే కొక్కెం. ఎర అంటే ఆ కొక్కేనికి గుచ్చే తిండి.

1960ల్లో బ్యారక్స్ ఖాళీ చేయించారు. మావాళ్ళను చాట్స్‌వర్త్‌కు పంపారు. అప్పటి నుంచి సముద్రానికి బస్సు ఎక్కాల్సి వచ్చింది. ఏ రంగువాళ్ళు ఏ తీరంలో ఉండాలో బోర్డులు చెప్పే రోజులు అవి. అయినా నాయన సముద్రాన్ని వదల్లేదు. ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ చేసి, ఆ డబ్బుతో ఒక పెన్ రీలు కొన్నాడు. అమెరికాలో తయారైంది. కొత్తది కాదు, ఎవరో వాడినది. నేను పుట్టకముందు కొన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం అంటే ఆ రీలు తిరిగే చప్పుడే.

రీలు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెబుతాను. రెండు నల్లని పళ్ళాలు అనుకోండి. అవి బేకలైట్‌తో చేసినవి. వాటి అంచులకు ఇత్తడి వలయాలు, ఇత్తడి మీద మెరిసే క్రోమ్ పూత. రెండు పళ్ళాల మధ్య దారం చుట్టే చుట్ట. కుడివైపు పిడి. పిడి ఒకసారి తిప్పితే లోపలి పళ్ళచక్రాల వల్ల చుట్ట రెండు మూడుసార్లు తిరుగుతుంది. కింద ఒక పాదం ఉంటుంది. ఆ పాదాన్ని కర్రకు బిగిస్తారు. వీటన్నిటినీ కలిపి పట్టుకునేవి చిన్న చిన్న స్క్రూలు.

నాయనకు ఒక నియమం ఉండేది. సముద్రం నుంచి ఇంటికి రాగానే రీలు కడగాలి. తన స్నానం తరవాత, భోజనం తరవాత, రీలు ముందు. మంచినీళ్ళతో మెల్లగా కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టేవాడు. మేము నవ్వేవాళ్ళం. "బిడ్డలకంటే రీలుకే ముందు స్నానం" అని అమ్మ అనేది.

పదకొండేళ్ళ కిందట, జూన్ నెలలో, నాయన చివరిసారి సముద్రానికి వెళ్ళాడు. ఒక స్నేహితుడి కారులో వెళ్ళి మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. రెండు షాడ్ చేపలు తెచ్చాడు. అలసిపోయి ఉన్నాడు. సంచి వంటింటి మెట్టు మీద పెట్టి, "ఈ రోజు నా వల్ల కాదు. రీలు నువ్వు కడిగి పెట్టమ్మా" అన్నాడు.

నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే "సరే నాయనా, ఈ కట్ట అయిపోగానే" అన్నాను.

కట్ట అయిపోయింది. రీలు మరిచిపోయాను. ఆ రాత్రి నాయనకు గుండె నొప్పి వచ్చింది. నాలుగు రోజుల తరవాత ఆసుపత్రిలో పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఎవరో ఆ సంచి తీసి గరాజ్‌లో పెట్టారు. ఎవరు పెట్టారో నేను అడగలేదు. లోపల ఏముందో నాకు తెలుసు.

ఇప్పుడు నేను కూడా శనివారాలు గుడిలో పిల్లలకు తెలుగు చెబుతాను. ఈ సంవత్సరం ఒక పని ఇచ్చాను. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తీసుకురావాలి, దాని గురించి తెలుగులో అయిదు వాక్యాలు చెప్పాలి. పిల్లలు రోలు తెచ్చారు, ఇత్తడి చెంబు తెచ్చారు, ఒకడు వాళ్ళ అవ్వ కళ్ళజోడు తెచ్చాడు. టీచరు కూడా తేవాలి కదా. నేను రీలు తీసుకెళ్ళాను.

పన్నెండేళ్ళ పిల్లవాడు పిడి పట్టుకుని తిప్పి చూశాడు. కదలలేదు.

"ఇది తిరగదా, టీచర్?"

"తిరగదు."

"ఎందుకు తిరగదు?"

"తుప్పు పట్టింది" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. అది నిజమే, కానీ సగం నిజం. ఆ రోజంతా ఆ సగం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. సోమవారం బడి నుంచి రాగానే రీలు తీసి బల్ల మీద పెట్టాను. పాత దువ్వెన బ్రష్, వంటింటి స్క్రూడ్రైవర్, గరాజ్‌లో ఉన్న క్యూ20 డబ్బా. ఇవే నా పనిముట్లు.

పిడి స్క్రూ తేలిగ్గానే వచ్చింది. కుడి పళ్ళెం అంచు చుట్టూ ఉన్న స్క్రూలు కూడా ఒక్కొక్కటే వచ్చాయి. పాదం దగ్గరిది ఒకటి మాత్రం రాలేదు. రీలు కర్ర మీద ఉన్నప్పుడు నీళ్ళు పాదం వైపుకే జారతాయి. పాదానికీ వలయానికీ మధ్య సందులో నిలుస్తాయి. అందుకే అక్కడ ఎక్కువ పాడవుతుంది. ఆ స్క్రూ తల చుట్టూ ఆకుపచ్చని పొడి పేరుకుని ఉంది.

ఇక్కడ రెండు మాటలు నేర్చుకుందాం. ఇనుముకు పట్టే ఎర్రనిది తుప్పు. ఇత్తడికి, రాగికి పట్టే పచ్చనిది చిలుము. నేను పిల్లవాడికి తుప్పు అని చెప్పాను. నిజానికి అది చిలుము.

ఇంకో మాట. పట్టు అంటే పిల్లలకు ముందు పట్టుచీర గుర్తుకొస్తుంది. కానీ 'పట్టడం' అనే క్రియ ఎన్నో పనులు చేస్తుంది. చెయ్యి పట్టుకుంటాం. చేపలు పడతాం. చిలుము పడుతుంది. పనికి రోజులు పడతాయి. యంత్రంలో ఒక ముక్క ఇంకో ముక్కను అసలు వదలకపోతే 'పట్టేసింది' అంటారు. నా స్క్రూ పట్టేసింది.

నేను నూనె కొట్టి, అయిదు నిమిషాలు ఆగి, బలంగా తిప్పాను. స్క్రూడ్రైవర్ జారింది. ఇంకా గట్టిగా నొక్కి తిప్పాను. మళ్ళీ జారింది. మూడోసారికి స్క్రూ తల మీది గాడి ఒకవైపు అరిగి నున్నగా అయిపోయింది. బేకలైట్ మీద ఒక పొడుగాటి గీత కూడా పడింది. తప్పు నూనెది కాదు. పదకొండేళ్ళు ఆగినదాన్ని అయిదు నిమిషాలు ఆగి లాగాను.

మంగళవారం దాన్ని ఒక మామ దగ్గరికి తీసుకెళ్ళాను. మా గుడిలో పండగలకు వంట చేసే పెద్దాయన. చక్కెర మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైర్ అయ్యాడు. గుడి గంట నుంచి కుట్టుమిషను దాకా అన్నీ ఆయనే బాగు చేస్తాడు. రీలు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, పాదం దగ్గర వేలితో గీకాడు. వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు. "దీన్ని కడగలేదు."

"లేదు మామా."

"ఇన్నేళ్ళు కడగకుండా ఎవరు పెట్టారమ్మాయ్?"

"నేనే" అన్నాను. పదకొండేళ్ళలో ఆ మాట మొదటిసారి నోటితో చెప్పాను. నాయన అడిగిన సంగతి, పేపర్ల కట్ట సంగతి, అంతా చెప్పాను. మామ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి కెటిల్‌లో నీళ్ళు పెట్టాడు. టీ ఇస్తాడేమో అనుకున్నాను. ఒక బేసిన్ తెచ్చి, వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూశాడు.

"నూనె సంగతి తరవాత" అన్నాడు. "ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. ముందు కడుగు."

మీకు ఇది చిన్న మాటగా కనిపించవచ్చు. బేసిన్ ముందు కూర్చుని, రీలు నీళ్ళలో పెట్టి, చాలాసేపు నేను చేతులు బయటికి తీయలేదు. పాత బ్రష్‌తో సందులన్నీ మెల్లగా తోమాను. నీళ్ళు మసకగా అయ్యాయి. అడుగున కొంచెం ఇసుక దిగింది. అది ఏ రోజు ఇసుకో నాకు తెలుసు. మూడుసార్లు నీళ్ళు మార్చాను. మామ పక్కన కూర్చుని బఠానీలు ఒలుచుకుంటున్నాడు. రాత్రంతా మంచినీళ్ళలో నానబెట్టమన్నాడు.

బుధవారం పొద్దున నీళ్ళలోంచి తీసి, తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో మెల్లగా ఆరబెట్టాను. అప్పుడు నూనె. మామ ఇచ్చింది చాలా పలచని నూనె, పట్టేసిన మరల కోసమే అమ్మేది. ఒక్క చుక్క, స్క్రూ తల చుట్టూ. పలచని నూనె సన్నని సందులోకి తనంతట తానే పాకుతుంది, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు. కానీ దానికి సమయం కావాలి. పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క. బుధవారం నుంచి ఆదివారం దాకా అంతే పని. స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దని మామ ఆజ్ఞ.

ఆ అయిదు రోజుల్లో రెండు పనులు మాత్రం చేశాం. ఒకటి, నేను అరగదీసిన గాడిని మామ సన్నని ఆకురాయితో మళ్ళీ లోతుగా చేశాడు. ఆకురాయి అంటే ఇనుమును అరగదీసే పనిముట్టు. రెండు, ఒక పాత స్క్రూడ్రైవర్ కొనను ఆ గాడికి సరిపోయేలా అరగదీశాడు. సందు లేకుండా కూర్చోవాలి. కొన సన్నగా ఉంటే కదులుతుంది, గాడిని తింటుంది. నా వంటింటి స్క్రూడ్రైవర్ చేసింది అదే.

సోమవారం వేడి. సోల్డరింగ్ ఐరన్ కొనను స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించి పెట్టాడు. మంట వాడితే బేకలైట్ పాడవుతుంది, క్రోమ్ రంగు మారుతుంది. ఇదైతే వేడి ఒక్క స్క్రూకే తగులుతుంది. వేడికి లోహం కొంచెం ఉబ్బుతుంది, చల్లారితే కుదించుకుంటుంది. ఆ కదలికకు చిలుము పొర పగులుతుంది. ఆ పగుళ్ళలోకి నూనె దిగుతుంది. మూడుసార్లు వేడి చేసి, మూడుసార్లు చల్లార్చి, చుక్క నూనె వేశాడు. తరవాత స్క్రూడ్రైవర్ పెట్టి, దాని వెనక చిన్న సుత్తితో టిక్ టిక్ అని తట్టాడు. తిప్పాడు. రాలేదు.

"గట్టిగా తిప్పండి మామా, వస్తుందేమో."

"తల ఊడితే డ్రిల్ పెట్టాలి. డ్రిల్ పెడితే కింద పోస్ట్ కూడా పోతుంది. ఈ రోజుకి చాలు. రేపు."

మంగళవారం సాయంత్రం మళ్ళీ వేడి, మళ్ళీ చుక్క, మళ్ళీ టిక్ టిక్. ఈసారి స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. "ముందు బిగించు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఊడదీయాల్సినదాన్ని బిగించడమేమిటి? "కొంచెం బిగించు. ఎటు కదిలినా కదలడమే. ఒకసారి కదిలితే చాలు."

బిగించే వైపు నొక్కాను. ఏమీ లేదు. ఇంకొంచెం. చిన్న చప్పుడు, ఎండు పుల్ల విరిగినట్టు. తల ఊడిపోయిందనుకుని ఊపిరి బిగబట్టాను. మామ వంగి చూశాడు. "ఇప్పుడు ఇటు" అన్నాడు. ఇటు తిప్పాను. పావు వంతు తిరిగింది. మళ్ళీ బిగించే వైపు కొంచెం, మళ్ళీ ఇటు. ముందుకు, వెనక్కు, మధ్యలో నూనె చుక్క. పది నిమిషాలకు స్క్రూ నా అరచేతిలో ఉంది. వేలి గోరంత కూడా లేదు. మరల నిండా పచ్చని పొడి.

పళ్ళెం విడిపోయింది. లోపల గ్రీజు మైనంలా గట్టిపడింది. ఒక చిన్న స్ప్రింగు ముట్టుకోగానే విరిగింది. దాని బదులు కొత్తది వేశాం. పళ్ళచక్రాలు బాగానే ఉన్నాయి. పారఫిన్‌తో కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పలచగా రాసి, ఒక్కొక్కటే తిరిగి బిగించాం. స్క్రూలకు కూడా కొంచెం గ్రీజు రాయాలి. అలా రాస్తే తరవాత విప్పేవాళ్ళకు సులువు. క్రోమ్ మీద గుంటలు పోలేదు. నేను గీసిన గీత కూడా పోలేదు. అవి అలాగే ఉంటాయి.

చివర పిడి తిప్పాను. తిరిగింది. అదే ఆదివారపు చప్పుడు. మామ బయటికి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోశాడు. అవి అప్పటికే తడిగా ఉన్నాయి.

ఆ శనివారం రీలు మళ్ళీ తరగతికి తీసుకెళ్ళాను. ఈసారి నా అయిదు వాక్యాలు సరిగ్గా చెప్పాను. ఇది మా నాయన రీలు. ఆయన దీన్ని రోజూ కడిగేవాడు. చివరి రోజు నన్ను కడగమన్నాడు. నేను కడగలేదు. ఇప్పుడు కడిగాను.

పిల్లలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఆ పిల్లవాడే చెయ్యి ఎత్తి, "టీచర్, 'రోజూ' కాదు, చేపలకు వెళ్ళిన రోజే కదా?" అన్నాడు. నా వాక్యం దిద్దాడు. వాడి మాట సరైనదే. రీలు వాడి చేతికిచ్చి, తిప్పమన్నాను.

ఒక ఆదివారం ఆ పిల్లవాడినీ వాళ్ళ అమ్మనూ వెంటబెట్టుకుని బ్లూ లగూన్ దగ్గరికి వెళ్ళాం. ఒక్క చేప కూడా పడలేదు. ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే రీలు కడిగాను.

మీ ఇంట్లో రీలు ఉంటే ఇలా చేయండి. కడిగే ముందు డ్రాగ్ బిగించండి, అంటే చుట్టకు బ్రేకు వేసే నక్షత్రం లాంటి చక్రాన్ని. లేకపోతే నీళ్ళు లోపలి వాషర్లలోకి పోతాయి. పైపుతో గట్టిగా కొట్టకండి, ఆ వేగానికి ఉప్పు లోపలికి పోతుంది. మంచినీళ్ళు మెల్లగా పోయండి. మెత్తని గుడ్డతో తుడవండి. నీడలో ఆరబెట్టండి. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి.

అంతా కలిపి పది నిమిషాలు. పేపర్లు ఆ తరవాత దిద్దుకోవచ్చు.